పక్షవాతం రెండోసారి రాకుండా

రష్యా విప్లవనేత లెనిన్‌కు మొదటిసారి పక్షవాతం వచ్చింది 1922 మే నెలలో. అప్పటికి ఆయన వయసు 52. కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనం తప్పాయి. మాట తడబడింది. నాలుగైదు నెలల్లో చాలావరకు కోలుకుని అక్టోబరులో మళ్ళీ కార్యాలయానికి వెళ్ళడం మొదలుపెట్టారు. డిసెంబరులో రెండోసారి వచ్చింది. 1923 మార్చిలో ఇంకోసారి వచ్చినప్పుడు మాట పోయింది. వేలాదిమందిని ఉపన్యాసాలతో కదిలించిన మనిషి చివరి పది నెలలూ ఏవో ఒకటి రెండు మాటలు తప్ప పలకలేక, 1924 జనవరిలో కన్నుమూశారు. శవపరీక్ష చేసి చూస్తే మెదడుకు రక్తం తీసుకువెళ్ళే నాళాలు సున్నం పేరుకుని గట్టిపడి ఉన్నాయి. పట్టకారుతో తడితే రాయిని తట్టిన చప్పుడు వచ్చిందట.

ఆ రోజుల్లో వైద్యులు చేయగలిగింది చాలా తక్కువ. రక్తపోటును తగ్గించే సరైన మాత్రలు లేవు. కొలెస్టరాల్ తగ్గించే మందు లేదు. మెదడు లోపల ఏం జరిగిందో చూపించే సి.టి. స్కానింగ్ 1971 దాకా రాలేదు. నొప్పులకూ జ్వరానికీ వాడే ఆస్పిరిన్ బజారులో ఉంది కాని, పక్షవాతాన్ని అది ఆపగలదని ఎవరికీ తెలియదు. ఇవాళ ఈ మాత్రలన్నీ మన వీధి చివర మందుల షాపులో దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటి ఖరీదు కూడా పెద్దదేమీ కాదు. అయినా మన ఇళ్ళలో రెండోసారి పడిపోయేవాళ్ళు ఉంటూనే ఉన్నారు.

ఎందుకంటే, మొదటిసారి వచ్చినప్పుడు బంధువర్గమంతా ఆసుపత్రి వరండాలో నిలబడుతుంది. ఆరు నెలలు గడిచి, మనిషి కర్ర లేకుండా నడుస్తూ, తన చేత్తో తను అన్నం కలుపుకుని తినగలిగేసరికి "గండం గడిచింది" అనుకుంటారు అందరూ. మాత్రల డబ్బా అలమరలో వెనక్కి జరుగుతుంది. అసలు జాగ్రత్త అవసరమయ్యేది అప్పుడే.

పేరుతో వచ్చిన చిక్కు

మనం పక్షవాతం అంటాం. కన్నడిగులు పార్శ్వవాయువు అంటారు, లకవా అని కూడా అంటారు. మరాఠీవారికి అర్ధాంగవాయువు. తమిళులకు పక్కవాదం. లకవాని పక్కన పెడితే, అన్ని పేర్లలోనూ ఒక పక్క, సగం శరీరం అన్న అర్థం ఉంది. వాతమో వాయువో ఉంది. అందువల్ల కీళ్ళవాతం వంటిదేదో చేతికీ కాలికీ పట్టిందని చాలామంది నమ్ముతారు. నూనెలతో మర్దనా చేయిస్తారు. పావురం రక్తం పూస్తారు. ఫలానా ఊళ్ళో పసరు పోస్తారట అని రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని బయలుదేరతారు.

జబ్బు చేతిలోనూ లేదు, కాలిలోనూ లేదు. మెదడులో ఉంది. మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయి, ఆ నాళం మీద ఆధారపడిన భాగానికి రక్తం అందక అది చచ్చిపోతుంది. ఎక్కువమందికి వచ్చే పక్షవాతం ఇదే. కొందరికి నాళం చిట్లి రక్తం కారుతుంది. దాని వైద్యం వేరు. ఇక్కడ మనం మాట్లాడుకునేది నాళం మూసుకుపోయే రకం గురించి. చేతికి వ్యాయామం అవసరమే, ఫిజియోథెరపీ వల్ల పోయిన శక్తి కొంత తిరిగి వస్తుంది కూడా. కాని నాళాన్ని మూసివేసిన కారణం ఆ వ్యాయామంతో పోదు. మొదటిసారి అడ్డం పడ్డ గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే రెండోది తయారవుతూ ఉండవచ్చు.

వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2011లో వేసిన ఒక లెక్క ప్రకారం, పక్షవాతం వచ్చి బతికి బయటపడిన వందమందిలో ఏడాదిలోగా సుమారు 11 మందికి, ఐదేళ్ళలో సుమారు 26 మందికి మళ్ళీ వచ్చింది. అంటే నలుగురిలో ఒకరికి. ఇది అందరికీ ఒకే తీరుగా పంచిపెట్టిన ప్రమాదం కాదు. కారణం కనుక్కుని సరిగా వైద్యం చేయించుకున్నవారిలో బాగా తక్కువ, వదిలేసినవారిలో ఎక్కువ.

రెండోసారి వచ్చినప్పుడు పోయేది కాలూ చెయ్యీ మాత్రమే కాదు. జ్ఞాపకశక్తి మీద పడే దెబ్బ చాలామంది లెక్కలోకి తీసుకోరు. మొదటి పక్షవాతం తర్వాత కొత్తగా మతిమరుపు జబ్బులో పడేవారు పదిమందిలో ఒకరైతే, మళ్ళీ మళ్ళీ వచ్చినవారిలో మూడోవంతు కంటే ఎక్కువమంది ఆ స్థితిలో ఉన్నారని 2009లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. మనవళ్ళ పేర్లు మర్చిపోయే తాతగారిని చూసి "వయసైపోయింది" అంటాం. వయసు ఒక్కటే కారణం కాకపోవచ్చు.

ఇక్కడ మనవంటి కుటుంబాలకు సంతోషం కలిగించే సంగతి ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఒక పత్రం ప్రచురించింది. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో నూటికి 40 మందికి ఆలోచన, జ్ఞాపకం మామూలుగానే నిలిచాయి. ఒకే భాష వచ్చినవారిలో అలా నిలిచింది నూటికి 20 మందికి మాత్రమే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో మాట్లాడే మనకు ఇది ఊరికే దొరికిన ఆస్తి. అయితే ఈ ఆస్తి దెబ్బ తగిలాక తట్టుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. దెబ్బ తగలకుండా ఆపదు.

మొదటి వారాలే గడ్డుకాలం

మళ్ళీ వచ్చే ప్రమాదం రోజులన్నిటా ఒకే స్థాయిలో ఉండదు. మొదటి కొద్ది రోజులు, వారాలు అతి ప్రమాదకరం. ముఖ్యంగా "వచ్చి పోయిన" పక్షవాతం. పది నిమిషాలపాటు చెయ్యి పట్టు తప్పుతుంది, కాఫీ గ్లాసు జారిపోతుంది, నాలుక మడత పడుతుంది, లేదా ఒక కన్ను ముందు తెర దించినట్టవుతుంది. అంతలో అంతా సర్దుకుంటుంది. నీరసమనో, పైత్యమనో, ఎండదెబ్బ అనో, పొద్దున ఫలహారం చేయలేదనో సరిపెట్టుకుని ఊరుకుంటారు. పెళ్ళివారిల్లయితే అసలు ఎవరికీ చెప్పనే చెప్పరు. ఇంతకంటే స్పష్టమైన హెచ్చరికను శరీరం ఇవ్వలేదు.

ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో ఇటువంటి వారినీ, స్వల్పంగా పక్షవాతం వచ్చినవారినీ కొన్నేళ్ళపాటు పరిశీలించారు. మొదట్లో పరీక్షలకు తారీఖు ఇచ్చి, చీటీ రాసి, కుటుంబ వైద్యుడి దగ్గరకు పంపే పద్ధతి ఉండేది. అప్పుడు మూడు నెలల్లో వందమందిలో పదిమందికి మళ్ళీ పక్షవాతం వచ్చింది. తర్వాత పద్ధతి మార్చి, వచ్చిన రోజే చూసి, ఆ పూటే మందులు మొదలుపెట్టారు. వందకు ఇద్దరికే వచ్చింది. 2007లో ప్రచురించిన ఈ ఫలితం వైద్యులను కూడా ఆశ్చర్యపరిచింది. వాడినవి కొత్త మందులేమీ కావు. ఆలస్యం చేయలేదు, అంతే.

ఈ మొదటి వారాలకు సంబంధించి మందుల విషయంలో ఒక మెలిక ఉంది. స్వల్పంగా వచ్చినవారికి, వచ్చి పోయినవారికి మొదట్లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి ఇస్తారు. చైనాలో 5,170 మందిపై జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో, మొదటి 21 రోజులు ఇలా రెండూ ఇచ్చినవారిలో మళ్ళీ వచ్చింది నూటికి 8 మందికి. ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చినవారిలో నూటికి 12 మందికి. తర్వాత సాధారణంగా రెంటిలో ఒకటి ఆపేస్తారు. ఎందుకంటే రెండూ ఏళ్ళ తరబడి వాడితే కడుపులోనో మరోచోటో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. పాత చీటీ చూపించి నెలనెలా అవే మందులు కొనే అలవాటు మనలో ఎక్కువ. కనుక "ఇందులో ఏది ఎంతకాలం వాడాలి?" అని ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేరోజే అడిగి చీటీ మీద రాయించుకోండి. గుండెలో స్టెంటు ఉన్నవారి లెక్క వేరు. వారికి డాక్టరు చెప్పిందే.

అన్నిటికీ పెద్దన్న రక్తపోటు

కారణాలలో మొదటి పీట రక్తపోటుది. 32 దేశాలలో, మన దేశంతో సహా, జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అనే పెద్ద అధ్యయనం 2016లో తేల్చిందేమంటే, ప్రపంచంలోని పక్షవాతాలలో నూటికి తొంభై పది కారణాల వల్లనే వస్తున్నాయి, వాటిలో దాదాపు సగం భారం ఒక్క రక్తపోటుదే. మిగిలిన తొమ్మిదీ పొగ, మధుమేహం, కొవ్వు, నడుము చుట్టుకొలత, తిండి, ఒళ్ళు కదలకపోవడం, మద్యం, మనసులోని ఒత్తిడి, గుండెజబ్బులు. వీటిలో మన చేతిలో లేనిది ఏదీ లేదు. చేతిలో లేనివి వయసు, వంశం.

రక్తపోటు బాధ పెట్టదు. అదే దానిలోని మోసం. "నాకు బి.పి. పెరిగితే తల తిరుగుతుందండీ, నాకు తెలిసిపోతుంది" అనే పెద్దలను నేను ఎందరినో చూశాను. 170 ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. తెలిసే మార్గం పట్టీ కట్టి చూసుకోవడం ఒక్కటే. పక్షవాతం వచ్చినవారికి మామూలుగా 130/80 కంటే తక్కువ ఉండేలా చూస్తారు. అమెరికా వైద్య సంఘాలు 2021లో ఇచ్చిన సూచన ఇదే. ఇంట్లో పెట్టుకునే మిషను ఇవాళ ఖరీదైన వస్తువు కాదు. మోచేతి పైన పట్టీ కట్టేది కొనండి. మణికట్టుకు కట్టేవి అంత నమ్మకం కావు. కాఫీ తాగకముందు, అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి చూసుకుని నోటుపుస్తకంలో రాయండి. డాక్టరుకు ఆ పుస్తకం చూపిస్తే, ఆయన గదిలో ఒకసారి చూసిన అంకె కంటే అదే ఎక్కువ చెబుతుంది.

రక్తపోటు తగ్గిస్తే నిజంగా లాభముందా? 2001లో వెలువడిన ప్రోగ్రెస్ పరిశోధనలో పక్షవాతం వచ్చిపోయిన 6,105 మందిని తీసుకున్నారు. వారిలో రక్తపోటు లేనివారు కూడా ఉన్నారు. మాత్రలతో పై అంకె సగటున 9 పాయింట్లు తగ్గింది. ఆ మాత్రానికే మళ్ళీ పక్షవాతం రావడం నూటికి 28 వంతులు తగ్గింది. తొమ్మిది పాయింట్లంటే ఎంత? రోజూ భోజనంలో వేసుకునే ఆవకాయ బద్దల్ని సగానికి తగ్గించి, సాయంత్రం నడిస్తే వచ్చే తేడా కూడా ఇంచుమించు ఆ దారిలోనిదే.

ఉప్పు సంగతి వచ్చింది కాబట్టి కాస్త ఆగాలి. మనం రాష్ట్రం దాటి వచ్చి ఎన్ని తరాలైనా, మాట కొంచెం మారినా, ఊరగాయ జాడీ మాత్రం మారలేదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు. బరంపురంలోనూ యానాంలోనూ వీటికి తోడు ఉప్పుచేప. ఇవి మానేయమంటే ఎవరూ వినరు. మానేయమని చెప్పాలని నాకూ లేదు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు కొంచెం తక్కువ. కూరలో, చారులో, ఇడ్లీ పిండిలో, మజ్జిగలో, పచ్చడిలో వేసినదంతా కలిపి అంత. ఇంటి ఉప్పు డబ్బాను ఒక నెల తూచి చూడండి. నెలకు ఎన్ని గ్రాములు ఖర్చయిందో చూసి, ఇంట్లో తలలతో, ముప్పై రోజులతో భాగించండి. ఊరగాయల ఉప్పు కలపకుండానే అయిదు దాటుతుంది చాలా ఇళ్ళలో. మజ్జిగన్నంలో పచ్చడి పెట్టుకున్నరోజు మజ్జిగలో ఉప్పు వేసుకోకపోవడం, అప్పడం వడ్డించినరోజు వడియాలు వద్దనడం వంటి చిన్న ఒప్పందాలు ఇంట్లో నిలుస్తాయి. పెద్ద ప్రతిజ్ఞలు నిలవవు.

చైనాలో 600 గ్రామాలలో మరో పని చేశారు. సగం గ్రామాలకు మామూలు ఉప్పు బదులు, నాలుగోవంతు పొటాషియం ఉప్పు కలిపినది ఇచ్చారు. సుమారు 21 వేలమంది, అందులో ముప్పావువంతు మంది అంతకుముందు పక్షవాతం వచ్చినవారే. అయిదేళ్ళకు పక్షవాతాలు నూటికి 14 వంతులు తగ్గాయి. 2021లో వచ్చిన ఫలితమిది. ఇటువంటి ఉప్పు మన దగ్గరా దొరుకుతుంది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, కొన్నిరకాల బి.పి. మాత్రలు వాడేవారికీ పొటాషియం ప్రమాదం. డాక్టరును అడగకుండా డబ్బా మార్చవద్దు.

ఉప్పులాగే రహస్యంగా రక్తపోటు పెంచేవి నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పులకు షాపువాడినడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి రోజూ వేసుకుంటే బి.పి. మాత్ర చేసిన పనిని చెడగొడతాయి. ఐబుప్రోఫెన్ ఆస్పిరిన్ పనికి కూడా అడ్డం వస్తుంది.

పొగాకు గురించి కొత్తగా చెప్పేదేముంది? పొగ తాగేవారికి పక్షవాతం ప్రమాదం ఇంచుమించు రెట్టింపు, మానేస్తే కొన్నేళ్ళలో తగ్గుతుంది. మగవారి సిగరెట్టు, బీడీ అందరికీ కనిపిస్తాయి. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా కొందరు పెద్దామెలు నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మాత్రం ఆసుపత్రి చీటీలోకి ఎక్కదు. నోటి కేన్సరు గురించి హెచ్చరించినంతగా దీనివల్ల రక్తనాళాలకు కలిగే చెరుపు గురించి ఎవరూ వాళ్ళకు చెప్పరు. "మా అమ్మకు ఏ అలవాటూ లేదు డాక్టరుగారూ" అని చెప్పేముందు చుట్ట సంగతి, పొగాకు నమలడం సంగతి గుర్తు తెచ్చుకోండి.

మధుమేహం ఉన్నవారికి రెండోసారి వచ్చే ప్రమాదం లేనివారికంటే సుమారు ఒకటిన్నర రెట్లు. చెడు కొలెస్టరాల్‌ను 70 కంటే దిగువన ఉంచితే మేలని 2019లో ప్రచురితమైన పరిశోధన ఒకటి చూపింది. "రిపోర్టులో నార్మల్ అని ఉంది కదా, ఈ కొవ్వు మాత్ర ఎందుకు?" అని అడుగుతారు. రిపోర్టులోని నార్మల్ జబ్బు రానివారిది. మీది కాదు. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేవారు ఆ విషయమూ డాక్టరుకు చెప్పాలి. ఇది భర్తకు తెలియదు, భార్య చెప్పాలి.

గడ్డ గుండె నుంచి వస్తే

కొందరిలో మెదడు నాళంలో దోషమేమీ ఉండదు. గడ్డ గుండెలో తయారై, రక్తంతో పైకి కొట్టుకువచ్చి మెదడులో చిక్కుకుంటుంది. గుండె పై గదులు లయ తప్పి గిలగిలలాడినట్టు కొట్టుకునే జబ్బు ఉన్నవారికి పక్షవాతం ప్రమాదం అయిదు రెట్లు ఎక్కువ. ఇది రోజంతా ఉండకపోవచ్చు. ఇ.సి.జి. తీసిన అరనిమిషంలో గుండె బుద్ధిగా కొట్టుకుని, రాత్రి రెండు గంటలకు లయ తప్పవచ్చు. అందుకే కారణం దొరకని పక్షవాతానికి ఒకరోజో వారమో గుండెకు మిషను కట్టి చూస్తారు. "ఇన్ని పరీక్షలెందుకు, డబ్బు గుంజడానికి" అని ఈ ఒక్క పరీక్షను మాత్రం తోసిపుచ్చవద్దు. ఎందుకంటే కారణం ఇదని తేలితే మందే మారిపోతుంది. ఈ జబ్బులో ఆస్పిరిన్ చేసే మేలు స్వల్పం. రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ వంటి మందులు ప్రమాదాన్ని మూడింట రెండు వంతులు తగ్గిస్తాయి.

మన దేశంలో ఇంకో కోణం ఉంది. చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో జ్వరం వచ్చి, అది గుండె కవాటాన్ని పాడుచేసి, ముప్పై, నలభై ఏళ్ళ వయసులోనే పక్షవాతం తెచ్చేవారు, ముఖ్యంగా స్త్రీలు, ఇంకా ఉన్నారు. కొత్తరకం మందులు వచ్చాయి, రక్తపరీక్ష అక్కరలేదు అని వీరు విని మార్చమంటారు. కాని ఇటువంటి కవాటజబ్బు, లయ తప్పడం రెండూ ఉన్నవారిలో పాతరకం మందే మెరుగని మన దేశం కూడా పాల్గొన్న ఇన్‌విక్టస్ పరిశోధన 2022లో చూపింది.

వార్ఫరిన్ గాని, అసినోకుమరాల్ గాని వాడేవారు ఆకుకూరలు బొత్తిగా మానేయాలని ఒక ప్రచారం ఉంది. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. అయితే మానేయనక్కరలేదు. తినేది ప్రతివారం ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటే చాలు. నెలంతా తినకుండా ఉండి, ఆషాఢంలో మునగాకు వచ్చిందని నాలుగురోజులు వరుసగా వండుకుంటేనే ఇబ్బంది. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష అంకె సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి. కవాటం మార్చినవారికి వేరే అంకె చెబుతారు.

మెడలోని పెద్ద నాళం 70 శాతం పైగా మూసుకుపోయినవారికి దాన్ని శుభ్రం చేసే ఆపరేషన్ వల్ల ఎంతో లాభముందని 1991లోనే తేలింది. ఆ తర్వాత రెండేళ్ళలో అదే వైపు పక్షవాతం వచ్చినవారు నూటికి 26 నుంచి 9కి తగ్గారు. చేయదలిస్తే త్వరగా, రెండు వారాలలోపే చేయాలి. మెదడు లోపలి నాళానికి స్టెంటు వేయడం మాత్రం ఇలాంటిది కాదు. 2011 నాటి పరిశోధనలో స్టెంటు వేసినవారికే ఎక్కువ పక్షవాతాలు వచ్చాయి. గట్టిగా మందులు వాడినవారు మెరుగ్గా ఉన్నారు. ఎవరైనా వేస్తామంటే రెండో అభిప్రాయం అడగడం తప్పుకాదు.

మాత్రలు ఎందుకు ఆగిపోతాయి

స్వీడన్‌లో ఆరు లక్షలమంది ఆస్పిరిన్ వాడకాన్ని పరిశీలించి 2017లో చెప్పిన మాట: సరైన కారణం లేకుండా ఆపేసినవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి కొనసాగించినవారికంటే 37 శాతం ఎక్కువ వచ్చాయి. అక్కడ మందు దొరక్క ఆపేశారనుకోలేం. ఇక్కడా చాలాసార్లు కారణం డబ్బు కాదు.

పన్ను పీకించుకోవాలని ఆపుతారు; పన్ను మానిపోయినా మాత్ర మళ్ళీ మొదలుకాదు. ఏకాదశి ఉపవాసమని ఆ పూట మానేస్తారు. దీక్ష తీసుకున్నామని నలభై రోజులు మానేసినవారూ ఉన్నారు. సొంతూరు పెళ్ళికి వెళ్ళి, మాత్రలు బెంగుళూరులోనో ముంబయిలోనో మర్చిపోయి, "వారమే కదా" అనుకుంటారు. కొడుకు దగ్గర ఆరు నెలలు, కూతురు దగ్గర ఆరు నెలలు ఉండే తల్లికి ఇద్దరు డాక్టర్లు, రెండు చీటీలు; ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు పడుతుంది, లేదా రెండు చోట్లా పడదు. అన్నిటికంటే దిగులుపడి మానేసేవారిని కనిపెట్టడం కష్టం. పక్షవాతం వచ్చినవారిలో మూడోవంతు మందికి మనసు కుంగిపోయే జబ్బు వస్తుంది. "నేనుండి ఎవరికి లాభం" అని గోడవైపు తిరిగి పడుకునే మనిషి మాత్ర మింగకపోవడం మొండితనం కాదు, జబ్బు. దానికీ మందు ఉంది.

మన దేశంలోనే ఒక ప్రయత్నం జరిగింది. 31 ఆసుపత్రులలో 4,298 మందిని తీసుకుని, సగం మందికి 12 భాషల్లో సెల్‌ఫోనుకు సందేశాలు, వీడియోలు, ఒక పుస్తకం ఇచ్చారు. 2023లో వచ్చిన ఫలితం నిరాశ కలిగించేదే. మందులు వేసుకోవడం, పొగ మానడం, తాగుడు మానడం కాస్త మెరుగైనా, ఏడాదిలో మళ్ళీ పక్షవాతం రావడంలో తేడా లేదు. ఏడాది చాలలేదో, రెండు వైపులవారికీ మంచి వైద్యమే అందడంవల్ల తేడా తెలియలేదో, ఇదమిత్థమని చెప్పడం కష్టం. నా మట్టుకు నాకు, ఫోనులో వచ్చే సందేశం కంటే భోజనం బల్ల దగ్గర "మావయ్యగారూ, మాత్ర వేసుకున్నారా?" అని అడిగే కోడలి మీదే నమ్మకం ఎక్కువ.

ఆ కోడలి పని తేలిక చేయడానికి ఒక పట్టిక రాయండి. మందు పేరు, ఎందుకు, ఏ పూట, ఎప్పటిదాకా. మనలో తెలుగు మాట్లాడినా చదవడం కన్నడంలోనో తమిళంలోనో మాత్రమే వచ్చిన పెద్దలు ఎందరో ఉన్నారు. తెలుగు తప్ప మరో లిపి రాని అత్తగార్లూ ఉన్నారు. ఎవరికి ఏ లిపి వస్తే ఆ లిపిలో రాయండి. ఇంగ్లీషు చీటీని జిరాక్సు తీసి అంటిస్తే అది గోడకు అలంకారమే. ప్రయాణాల సంచిలో పదిరోజుల మాత్రలు వేరే కవరులో ఎప్పుడూ ఉంచండి. ఏ డాక్టరు ఏ కారణంతో మాత్ర ఆపమన్నా, "మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి?" అన్న ప్రశ్న అక్కడే అడగండి.

ఇన్ని చేసినా కొందరికి రావచ్చు. ముఖం ఒక పక్కకు లాగినా, చెయ్యి ఎత్తలేకపోయినా, మాట తడబడినా, ఒక్కసారిగా తూలినా, చూపు పోయినా వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు, అదికూడా స్కానింగ్ చేశాకే. కాబట్టి గడియారం చూసి, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోండి. నిద్రలేచేసరికి వచ్చి ఉంటే, రాత్రి పడుకున్న సమయం చెప్పండి. అటువంటివారికి కూడా ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో స్కానింగ్ చూసి వైద్యం చేస్తున్నారు. నోట్లో కాఫీ, నీళ్ళు పోయవద్దు, పొరపోతుంది. ఇంట్లో ఉంది కదా అని ఆస్పిరిన్ మింగించవద్దు. ఈసారి వచ్చింది నాళం చిట్లిన రకం కావచ్చు. మాత్రల పట్టికను గోడ మీంచి తీసి చేతిలో పట్టుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు వాడుతుంటే, ఆఖరి మాత్ర ఏ రోజు ఏ పూట వేసుకున్నారో ఆసుపత్రిలో అడగకముందే చెప్పండి. ఆ ఇంజెక్షను ఇవ్వవచ్చా, కూడదా అన్నది చాలామటుకు దాని మీదే తేలుతుంది.